సముద్రం అడుగున మంచుయుగాల చిట్టా

చలికాలం వచ్చిందంటే వార్తాపత్రికల్లో కోహీర్ పేరు కనబడుతుంది. సంగారెడ్డి జిల్లాలోని ఈ ఊరు తెలంగాణలో బాగా చలి నమోదయ్యే ఊళ్ళలో ఒకటి. ఎత్తయిన పీఠభూమి, చుట్టూ ఎర్రనేల, అడ్డులేకుండా వీచే గాలి. ఆ రోజుల్లో తరగతిలో హిమయుగాల మాట వస్తే పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. "సార్, మంచుయుగంలో మన ఊరి మీద కూడా మంచు పేరుకొని ఉండేదా?"

మంచి ప్రశ్న. దీనికి సూటి జవాబు: ఉండేది కాదు. సుమారు 20,000 ఏళ్ళ క్రితం, కడపటి హిమయుగం ముదిరిన కాలంలో, కెనడా మీద, ఉత్తర ఐరోపా మీద కిలోమీటర్ల మందాన మంచు పరుచుకుని ఉంది. హిమాలయాలలో హిమానీనదాలు ఇప్పటికన్న కిందికి దిగివచ్చాయి. కాని దక్కను పీఠభూమి మీద మంచు పొర ఏర్పడలేదు.

అయితే ఆ హిమయుగం మనల్ని తాకకుండా పోయిందా అంటే, అదీ లేదు. ఎక్కడో ఉత్తరాన పేరుకున్న మంచు ఇక్కడి మన వానలను మార్చింది, మన నదులను మార్చింది, మన సముద్రతీరాన్ని కూడా దూరంగా జరిపింది. ఈ సంగతి మనకెలా తెలిసింది? అప్పుడు చూసి రాసిపెట్టినవాళ్ళు ఎవరూ లేరు కదా!

రాసిపెట్టింది మనుషులు కారు, బురద. ఆ బురద ఉన్నది సముద్రం అడుగున. అందులో కొంత కోహీర్ చేలలోంచి వెళ్ళిందే అయినా ఆశ్చర్యం లేదు.

మన మట్టి ఎక్కడికి పోతుంది?

వానాకాలంలో పొలాల్లోంచి పారే నీళ్ళు ఎర్రగా ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ ఎరుపంతా కొట్టుకుపోయే మట్టిది. కోహీర్ ప్రాంతంలో కారంజా అనే చిన్న నది పుడుతుంది. అది బీదరు జిల్లాలోకి పోయి మంజీరలో కలుస్తుంది. మంజీర తిరిగి తెలంగాణలోకి వచ్చి, సింగూరు, నిజాంసాగరు దాటి, నిజామాబాదు జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో చేరుతుంది. గోదావరి తూర్పుగా సాగి ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఇప్పుడైతే దారిలోని జలాశయాలు మట్టిలో చాలా భాగాన్ని పట్టి ఉంచుతున్నాయి. ఆనకట్టలు లేని వేల సంవత్సరాలలో అది నేరుగా సముద్రానికి చేరేది.

నదీముఖం దగ్గర నీటి వేగం తగ్గుతుంది. ముందు ఇసుక దిగుతుంది. సన్నని ఒండ్రు మరికొంత దూరం పోయి దిగుతుంది. అన్నిటికన్న సన్నని బంకమన్ను ఇంకా దూరం తేలిపోయి, మెల్లగా లోతైన సముద్రం అడుగుకు చేరుతుంది. ఒక గాజు సీసాలో పిడికెడు చేనిమట్టి వేసి, నీళ్ళు పోసి, బాగా కుదిపి కిటికీ దగ్గర పెట్టండి. ఇసుక నిమిషంలో దిగుతుంది. నీళ్ళు తేరుకోవడానికి మాత్రం ఒక పూటో, ఒక రోజో పడుతుంది. సముద్రంలో జరిగేదీ ఇదే.

ఏటేటా ఒక పలచని పొర. దాని మీద మరో పొర. కిందిది పాతది, పైది కొత్తది. ఇలా లక్షల ఏళ్ళు! ఇప్పుడు ఆ బురదలోకి ఒక పొడవైన గొట్టాన్ని నిలువుగా దింపి పైకి లాగామనుకోండి. గొట్టంలో వచ్చే మట్టి కడ్డీలో పైనుంచి కిందికి పోతూ ఉంటే కాలంలో వెనక్కి పోతున్నట్టే. స్వీడను దేశపు 'ఆల్బట్రాస్' నౌక 1947-48లో పిస్టన్ అమర్చిన గొట్టాలతో పొడవైన మట్టి కడ్డీలు తీసి ఈ పనికి దారి చూపింది. బోరుబావి తవ్వే యంత్రం వంటిదాన్ని మోసుకుని తిరిగే ఓడలు ఆ తరువాత వచ్చాయి. మన తీరంలోనూ ఈ చదువు కొత్తది కాదు. 1950 దశకంలోనే విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య సి. మహదేవన్, అమెరికా నుంచి వచ్చిన ఆచార్య లాఫాండ్ మన తూర్పు తీరపు సముద్రగర్భాన్ని పరిశీలించే పని మొదలుపెట్టారు.

పలక మీద రాత, చిట్టాలో రాత

"మంచు గుర్తులు నేల మీదనే వెతకవచ్చు కదా, సముద్రం దాకా ఎందుకు?" అని మీరు అడగవచ్చు. మొదట నేల మీదనే వెతికారు. హిమానీనదాలు కదిలేటప్పుడు రాళ్ళను గీకుతాయి, గుట్టలుగా తోసి వదిలిపెడతాయి. ఆల్ప్స్ పర్వతాలలో ఇలాంటి గుర్తులు చూసి పెంక్, బ్రూక్నర్ అనే శాస్త్రజ్ఞులు 1909 నాటికి నాలుగు హిమయుగాలు వచ్చాయని తేల్చారు. చాలా కాలం పాఠ్యపుస్తకాల్లో ఆ నాలుగే ఉండేవి.

కాని ఇందులో ఒక చిక్కుంది. కొత్తగా వచ్చిన మంచు పాత మంచు గుర్తులను తుడిచేస్తుంది. పలక మీద రాసి, తుడిచి, మళ్ళీ రాస్తే చివరి రాత మాత్రమే మిగులుతుంది కదా! నేల అలాంటి పలక. లోతైన సముద్రం అలా కాదు. అది కోమటి చిట్టా వంటిది. ఏ రోజు పద్దు ఆ రోజు కింద రాసుకుంటూ పోవడమే తప్ప తుడిచే అలవాటు లేదు. అందుకే శాస్త్రజ్ఞుల చూపు సముద్రం మీదికి మళ్ళింది.

ఇసుకరేణువంత గుల్ల

సముద్రపు బురదను నీళ్ళలో కడిగి, సన్నని జల్లెడలో పడితే, ఇసుకరేణువులంత తెల్లని గుల్లలు మిగులుతాయి. భూతద్దంలో చూస్తే కొన్ని చిన్న నత్తగుల్లల్లా, కొన్ని కలిసిపోయిన బుడగల్లా ఉంటాయి. ఇవి ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల ఇళ్ళు. కొన్ని జాతులు సముద్రం పైభాగంలో తేలుతూ బతుకుతాయి, కొన్ని అడుగున బురదలో బతుకుతాయి. జీవి చనిపోయాక గుల్ల అడుగుకు చేరి బురదలో కలిసిపోతుంది.

ఈ గుల్ల కాల్షియం కార్బొనేటుతో తయారైంది. సున్నపురాయిలో ఉండే పదార్థమే. కాల్షియం కార్బొనేటులో ఆక్సిజన్ ఉంటుంది. జీవి ఆ ఆక్సిజన్‌ను తన చుట్టూ ఉన్న నీటి నుంచి తీసుకుంటుంది. అంటే ఏ కాలపు గుల్ల ఆ కాలపు సముద్రజలంలోని ఆక్సిజన్‌ను తనలో దాచుకుంటుందన్నమాట. అసలు కీలకం ఇక్కడే ఉంది.

నీటిని తూర్పారబట్టిన గాలి

ఆక్సిజన్ పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. ఎక్కువ భాగం ఆక్సిజన్-16. వెయ్యి పరమాణువులలో రమారమి రెండు మాత్రం ఆక్సిజన్-18. రసాయన గుణాలలో రెండూ ఒకటే, బరువులోనే తేడా. ఇలాంటి వాటిని ఐసోటోపులు అంటారని మీరు చదువుకున్నారు.

కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టడం చూశారా? చాటతో ఎత్తి పోస్తుంటే గాలికి తేలికైన పొట్టు దూరంగా ఎగిరిపోతుంది, బరువైన గింజ దగ్గరే రాలుతుంది. సూర్యుడి వేడికి సముద్రం ఆవిరయ్యేటప్పుడు ఇలాంటిదే జరుగుతుంది. తేలికైన ఆక్సిజన్-16 ఉన్న నీటి అణువులు కొంచెం సులువుగా ఆవిరవుతాయి. మేఘం ధ్రువాల వైపు పోతుండగా దారిలో కురిసే వానలో బరువైన అణువులు ముందుగా దిగిపోతాయి. చివరకు ధ్రువప్రాంతంలో మంచుగా కురిసేది బాగా తేలికైన నీరు.

మామూలు కాలాల్లో ఈ నీరు నదులుగా మళ్ళీ సముద్రానికి చేరుతుంది, లెక్క సరిపోతుంది. హిమయుగంలో అలా జరగదు. తేలిక నీరు మంచుగా నేల మీదనే ఉండిపోతుంది, సముద్రంలో బరువు నీటి పాలు పెరుగుతుంది. అప్పటి గుల్లల్లో కూడా ఆక్సిజన్-18 పాలు పెరుగుతుంది. మంచు కరిగితే తేలిక నీరు తిరిగి వస్తుంది, గుల్లల్లో ఆక్సిజన్-18 తగ్గుతుంది.

పెరిగేది ఎంత? సముద్రంలో అంతకుముందున్న ఆక్సిజన్-18లో సుమారు వెయ్యో వంతు మాత్రమే! ఇంత సన్నని తేడాను కొలవడానికి పరమాణువులను బరువు ప్రకారం విడదీసే మాస్ స్పెక్ట్రోమీటరు అనే పరికరం కావాలి. ఈ ఐసోటోపులతో ప్రాచీన ఉష్ణోగ్రతలు తెలుసుకోవచ్చని 1947లో హెరాల్డ్ యూరీ సూచించారు. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన చెజారె ఎమిలియాని సముద్రపు మట్టి కడ్డీలలోని గుల్లలను వరుసగా పరీక్షించి, 1955లో ఫలితాలు ప్రకటించారు. చలి, వెచ్చదనం నాలుగుసార్లు కాదు, ఇంకా ఎన్నోసార్లు మారి మారి వచ్చాయని తేలింది. వెచ్చని దశలకు బేసి సంఖ్యలు, చల్లని దశలకు సరి సంఖ్యలు ఇచ్చే పద్ధతి ఆయన నుంచి వచ్చిందే. ఆ లెక్కన మనం ఇప్పుడు 1వ దశలో ఉన్నాం.

ఒక గుల్ల, రెండు కారణాలు

ఇక్కడ ఒక సందేహం రావాలి. వచ్చిందా? గుల్లలో ఆక్సిజన్-18 పెరగడానికి మంచు ఒక్కటే కారణం కాదు. నీరు చల్లబడినా గుల్లలో ఆక్సిజన్-18 పెరుగుతుంది. మరి గుల్ల చెబుతున్నది చలి సంగతా, మంచు సంగతా? చలిదే పెద్ద వాటా అని ఎమిలియాని అన్నారు.

ఇంగ్లండులో కేంబ్రిడ్జికి చెందిన నికొలస్ షాకల్టన్ 1967లో ఈ ముడి విప్పిన తీరు చక్కనిది. ఆయన పైన తేలే జాతుల గుల్లలతో పాటు అడుగున బతికే జాతుల గుల్లలను కూడా కొలిచారు. లోతైన సముద్రం అడుగున నీరు ఇప్పుడే గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంది. హిమయుగంలో అది ఇంకెంత చల్లబడగలదు? మహా అయితే కొద్ది డిగ్రీలు. కాని అడుగు గుల్లల్లోనూ పైగుల్లల్లోనూ మార్పు దాదాపు ఒకే మేరకు కనబడింది. కనుక ఈ మార్పులో పెద్ద వాటా మంచుదేనని ఆయన తేల్చారు.

ఇందులో ఇంకో లాభం ఉంది. ప్రపంచంలోని సముద్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసినవే. మంచువల్ల వచ్చిన మార్పు కొద్ది కాలంలోనే అన్ని సముద్రాలకూ పాకుతుంది. పసిఫిక్‌లో తీసిన కడ్డీలోనూ హిందూ మహాసముద్రంలో తీసిన కడ్డీలోనూ అవే ఎత్తుపల్లాలు కనబడతాయి. 2005లో లిసియెకి, రేమో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రపంచం నలుమూలల 57 చోట్ల దొరికిన రికార్డులను కలిపి, 53 లక్షల ఏళ్ళ మంచు లెక్కను ఒకే గీతగా గీశారు.

ఏ పొర ఎప్పటిది?

పొరల వరుస తెలిసినంత మాత్రాన తేదీలు తెలియవు. పై పొరలకు కార్బన్-14 పద్ధతి పనికివస్తుంది. అది సుమారు 50,000 ఏళ్ళ దాకానే. అంతకన్న పాతవాటికి భూమి అయస్కాంతం సాయపడుతుంది.

భూమి అయస్కాంత ధ్రువాలు అప్పుడప్పుడు తారుమారవుతాయి. చివరిసారి అలా జరిగింది సుమారు 7,73,000 ఏళ్ళ క్రితం. బురదలోని సన్నని ఇనుప ఖనిజరేణువులు అడుగుకు దిగేటప్పుడు అప్పటి అయస్కాంత దిశను పాటిస్తూ నిలుస్తాయి. 1973లో షాకల్టన్, ఓప్డైక్ పశ్చిమ పసిఫిక్ నుంచి తీసిన 16 మీటర్ల కడ్డీని పరీక్షించి, 12 మీటర్ల లోతులో అయస్కాంత దిశ తిరగబడినట్టు చూపారు. ఇక లెక్క మీరే చేయండి. 1200 సెంటీమీటర్ల మట్టి చేరడానికి 7,73,000 ఏళ్ళు. అంటే వెయ్యేళ్ళకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు! మీ చిటికెన వేలి గోరు వెడల్పు కన్న కొంచెం ఎక్కువ. ఈ కొలబద్దతో నడుమ ఉన్న పొరల వయసులు కట్టవచ్చు.

భూమి నడకలో మూడు తాళాలు

తేదీలు కుదిరాక అసలు ప్రశ్న ముందుకు వచ్చింది. హిమయుగాలు ఎందుకు వస్తాయి? ఎందుకు పోతాయి?

సెర్బియా దేశపు గణితజ్ఞుడు మిలుతిన్ మిలాంకోవిచ్ 20వ శతాబ్దం మొదటి సగంలోనే దీనికి ఒక జవాబు సూచించారు. సూర్యుడి చుట్టూ భూమి నడక ఎప్పుడూ ఒకేలా ఉండదు. కక్ష్య కాసేపు వృత్తానికి దగ్గరగా, కాసేపు కొంచెం సాగినట్టుగా మారుతుంది. దీనికి రమారమి 1,00,000 ఏళ్ళు. భూమి అక్షం వాలు సుమారు 22 డిగ్రీల నుంచి 24½ డిగ్రీల దాకా పెరిగి తగ్గుతుంది. దీనికి 41,000 ఏళ్ళు. తిరుగుతున్న బొంగరం తల ఆడించినట్టు అక్షం తల తిప్పుతుంది. దీని ప్రభావం ఋతువుల మీద సుమారు 23,000, 19,000 ఏళ్ళకొకసారి కనబడుతుంది. వీటి మూలంగా ఉత్తరాది వేసవిలో పడే ఎండ మారుతుంది. వేసవి చల్లగా ఉంటే చలికాలపు మంచు పూర్తిగా కరగదు. మిగిలిన మంచు మీద మరుసటి ఏడు మంచు. అలా కొండలా పెరుగుతుంది.

ఈ మాట నిజమని నిరూపించేదెలా? 1976లో హేస్, ఇంబ్రీ, షాకల్టన్ దక్షిణ హిందూ మహాసముద్రం నుంచి తీసిన రెండు మట్టి కడ్డీలను పరిశీలించారు. వాటిలో 4,50,000 ఏళ్ళ చరిత్ర ఉంది. గుల్లల లెక్కల్లో దాగిన ఆవృత్తులను గణితంతో విడదీశారు. పాటలోంచి తాళాన్ని పట్టుకున్నట్టు. బయటపడిన ఆవృత్తులు సుమారు 1,00,000, 42,000, 23,000 ఏళ్ళు! ఆకాశంలో భూమి వేసే అడుగుల చప్పుడు సముద్రం అడుగున బురదలో వినబడింది. వీటిలో 1,00,000 ఏళ్ళ తాళం అంత బలంగా ఎందుకుందో శాస్త్రజ్ఞులు ఇంకా చర్చిస్తూనే ఉన్నారు. భూమి నడకే హిమయుగాలకు అదను చెబుతుందన్న మాట మాత్రం స్థిరపడింది.

బంగాళాఖాతం చెప్పిన మన కథ

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఆ కాలంలో మన దగ్గర ఏం జరిగింది?

బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ తమ మంచినీటిని ఇందులోనే పోస్తాయి. వానలు బాగా పడితే సముద్రం పైభాగంలో ఉప్పదనం తగ్గుతుంది. వాననీరు తేలిక నీరు కనుక పైన బతికే జీవుల గుల్లల్లో ఆక్సిజన్-18 కూడా తగ్గుతుంది. మంచువల్ల వచ్చిన మార్పు ఎంతో ప్రపంచ రికార్డు నుంచి తెలుసు. దాన్ని తీసివేసి, ఉష్ణోగ్రత వాటానూ లెక్కగట్టి తీసేస్తే మిగిలేది మన వానల లెక్క.

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డుప్లెస్సీ 1982లో ఇలాంటి లెక్కే చేసి చూపారు. హిమయుగం ముదిరిన కాలంలో బంగాళాఖాతంలోకి నదుల నీరు బాగా తగ్గింది, నైరుతి ఋతుపవనం బలహీనపడింది. ప్రపంచంలో సముద్రమట్టం కూడా సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. అప్పుడు మన కోస్తాతీరం ఇప్పటికన్న ఎంతో ముందుకు, సముద్రంలోకి జరిగి ఉండేది. కోహీర్ మీద మంచు పేరుకోలేదు, నిజమే. కాని ఎక్కడో పేరుకున్న మంచు మన మేఘాలను ఎండగట్టింది.

మంచు కరిగిపోయాక వచ్చిన గత పదకొండు వేల ఏళ్ళ సంగతి ఇంకా దగ్గరిది. 2006లో భారత ప్రభుత్వపు గ్యాస్ హైడ్రేట్ అన్వేషణ కార్యక్రమం కింద 'జాయిడెస్ రిజల్యూషన్' అనే తవ్వకపు నౌక కృష్ణా గోదావరి తీరానికి వచ్చింది. వచ్చింది ఇంధనవాయువు జాడ కోసం. అయితే గోదావరి ముఖానికి ఎదురుగా 1268 మీటర్ల లోతు నీటి అడుగు నుంచి తీసిన ఎనిమిదిన్నర మీటర్ల మట్టి కడ్డీ మన ఋతుపవనాల చరిత్రను బయటపెట్టింది. ఇక్కడ వెయ్యేళ్ళకు సగటున సుమారు 77 సెంటీమీటర్ల మట్టి చేరింది. పసిఫిక్ కడ్డీలో వెయ్యేళ్ళకు ఒకటిన్నర సెంటీమీటర్లే కదా! మట్టి ఎంత వేగంగా చేరితే చరిత్ర అంత విడివిడిగా చదవవచ్చు.

ఈ కడ్డీలో గుల్లలతో పాటు ఇంకో సాక్షి దొరికింది. ఆకుల మీద మెరిసే మైనపు పొర! అది మట్టిలో కలిసి వేల ఏళ్ళు చెడకుండా ఉంటుంది. మొక్కలలో రెండు రకాలున్నాయి. వరి, కంది, వేప, చింత ఒక పద్ధతిలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకుంటాయి. జొన్న, సజ్జ, చెరకు, వేడి పొడి నేలల్లో పెరిగే గడ్డిజాతులు మరో పద్ధతిలో పట్టుకుంటాయి. ఈ రెండో రకం మొక్కల మైనంలో బరువైన కార్బన్-13 పాలు కాస్త ఎక్కువ. కనుక బురదలోని మైనం చూస్తే, గోదావరి లోయలో అప్పుడు ఏ రకం పచ్చదనం ఎక్కువగా ఉందో చెప్పవచ్చు.

పోంటన్, జోసాన్ మొదలైన పరిశోధకులు 2012లో ప్రకటించిన ఫలితం ఇది. సుమారు 4,000 ఏళ్ళ క్రితం నుంచి 1,700 ఏళ్ళ క్రితం దాకా గోదావరి ప్రాంతంలో పొడినేలలకు తట్టుకునే మొక్కలు క్రమంగా పెరిగాయి. ఆ తరువాత కూడా అవే నిలిచాయి. అంటే దక్కను మెల్లమెల్లగా ఎండింది. మన మెట్టసేద్యం వేళ్ళూనిన కాలం కూడా ఇంచుమించు అదే.

వాన తగ్గితే మట్టి నిలుస్తుందా?

2017లో జోసాన్ బృందం అదే కడ్డీతో ఇంకో ప్రశ్నకు జవాబు వెతికింది. సముద్రానికి ఎంత మట్టి వచ్చింది? ఎక్కడి మట్టి వచ్చింది?

మన దక్కను నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటి లావా గడ్డకట్టినది. కోహీర్‌లోని ఎర్రరాయి కూడా దాని పైభాగం వానకు, ఎండకు మారి ఏర్పడినదే. గోదావరి దిగువభాగంలో ఇంతకన్న చాలా ప్రాచీనమైన రాళ్ళున్నాయి. నియోడిమియం అనే మూలకపు ఐసోటోపులతో ఈ రెంటి మట్టినీ వేరుగా గుర్తించవచ్చు. వేలిముద్రతో మనిషిని గుర్తించినట్టు.

మీరేమనుకుంటారు? వాన తగ్గితే నదిలో నీరు తగ్గుతుంది. కొట్టుకుపోయే మట్టి కూడా తగ్గాలి కదా? కడ్డీ చెప్పింది దీనికి సరిగ్గా విరుద్ధం. దేశం ఎండుతూ వచ్చిన కాలంలోనే మట్టి ఎక్కువగా కొట్టుకుపోయింది! కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. వాన తగ్గితే చెట్టు, చేమ పలచబడతాయి. నేల బట్టతలలా బయటపడుతుంది. మన దగ్గర ఏడాది వానంతా కొద్ది నెలల్లోనే, తరచు కుంభవృష్టిగా పడుతుంది. వేళ్ళు పట్టి ఉంచని మట్టిని ఆ జల్లు లాగేసుకుంటుంది. ఆ తరువాత దక్కనులో వ్యవసాయం వ్యాపించి, ఇనుప పనిముట్లు వచ్చి, దున్నిన నేల పెరిగేకొద్దీ ఈ కోత మరింత ఎక్కువైంది. సముద్రం చేరిన కార్బన్ వయసు కూడా పెరిగింది. నేలలో చాలా కాలం నిలవ ఉన్న పాత కార్బన్ కూడా కొట్టుకుపోయిందని దాని అర్థం.

చేనిలో ఒక అంగుళం మంచి మట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. పోవడానికి కొన్ని గట్టి వానలు చాలు. గోదావరి ముఖం ఎదుట ఉన్న మేట, ఒక విధంగా చూస్తే, మన ముత్తాతలు పోగొట్టుకున్న పొలం.

చిట్టాలో లేని అంకె

హిమయుగాల లెక్కలో ఇంకో ముఖ్యమైన పద్దు ఉంది. అది బొగ్గుపులుసు వాయువు. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న గాలి బుడగల నుంచి 8,00,000 ఏళ్ళ గాలిని శాస్త్రజ్ఞులు కొలిచారు. ముదిరిన హిమయుగాలలో గాలి పది లక్షల పాళ్ళలో ఈ వాయువు సుమారు 180 పాళ్ళు. వెచ్చని కాలాల్లో 280 నుంచి 300. భూమి నడక ఇచ్చిన చిన్న తోపును ఈ వాయువు పెంచి పెద్దది చేసింది. మొత్తం 8,00,000 ఏళ్ళలో ఎప్పుడూ అది 300 పాళ్ళను పెద్దగా మించలేదు. ఇప్పుడు బొగ్గు, చమురు కాల్చడం వల్ల 420 దాటింది.

మరి దీనివల్ల మన వానలు ఏమవుతాయి? 2014-15లో అదే 'జాయిడెస్ రిజల్యూషన్' నౌక మహానది ఎదుట బంగాళాఖాతం అడుగును మళ్ళీ తవ్వింది. ఆ మట్టిలో 9,00,000 ఏళ్ళ ఋతుపవనాల చరిత్ర దొరికింది. క్లెమెన్స్ బృందం 2021లో ఫలితాలు ప్రకటించింది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి, మంచు తగ్గిన కాలాల తరువాత ఋతుపవన వర్షాలు పెరిగాయని తేలింది. కంప్యూటర్లు కట్టిన భవిష్యత్తు లెక్కలు చెబుతున్నదీ అదే. వానలు పెరుగుతాయి, హెచ్చుతగ్గులూ పెరుగుతాయి. ఆ నౌక 2024లో తన చివరి యాత్ర ముగించింది. అది తెచ్చిన మట్టి కడ్డీలు మాత్రం భద్రంగా ఉన్నాయి. రేపు మీలో ఎవరైనా వాటిని అడగవలసిన కొత్త ప్రశ్న అడగవచ్చు.

ఇప్పుడు రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నేల బోడిగా ఉంటే వాన మట్టిని తీసుకుపోతుందని గోదావరి బురద చెబుతోంది. రాబోయే వానలు ఇంకా ఉధృతంగా ఉండవచ్చునని మహానది బురద చెబుతోంది. మెట్టపొలాల ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. చేను వాలుకు అడ్డంగా గట్టు వేయడం, గట్టు మీద గడ్డి, చెట్టు పెరగనివ్వడం, జొన్నలో కంది, పెసర కలిపి వేసి నేలను కప్పి ఉంచడం జహీరాబాద్ ప్రాంతపు పెద్దలకు తెలిసిన పాత పద్ధతులే. వాటి విలువ ఎంతో సముద్రం అడుగున ఉన్న ఎనిమిదిన్నర మీటర్ల మట్టి కూడా సాక్ష్యం చెబుతోంది.

మీరే చేసి చూడండి

రెండు పాత రేకు పళ్ళేలు తీసుకోండి. ఒకదానిలో గడ్డితో సహా పెళ్ళగించిన మట్టిని, రెండోదానిలో వట్టి మట్టిని సమానంగా నింపండి. రెంటినీ ఒకే వాలులో ఇటుక మీద ఆనించి, కింద ఒక్కొక్క గాజు గ్లాసు పెట్టండి. అడుగున మేకుతో సన్నని రంధ్రాలు చేసిన డబ్బాతో రెంటి మీదా ఒకే కొలత నీళ్ళు, ఒకే ఎత్తు నుంచి చల్లండి. గ్లాసుల్లో చేరిన నీటిని మరునాటిదాకా కదపకుండా ఉంచి, అడుగున దిగిన మట్టి మందాన్ని స్కేలుతో కొలవండి. ఇప్పుడు వట్టి మట్టి ఉన్న పళ్ళెంలో సగం నీళ్ళే, ఒక్కసారిగా పోసి చూడండి. కొలతలను నోటుపుస్తకంలో తేదీతో రాసి ఉంచండి. వానాకాలంలో మీ ఊరి వాగునీటిని కూడా వారానికొకసారి సీసాలో పట్టి, ఇలాగే కొలిచి ఆ పక్కనే రాయండి. మూడు నాలుగేళ్ళు రాస్తే మీ ఊరి మట్టికి మీరే ఒక చిట్టా తయారు చేసినవారవుతారు.